నీటిలో ధ్వనిని నడపిన ఫెసెండెన్

వేసవిలో గోదావరి పాయలో స్నానము చేయునపుడు మీలో కొందరు ఒక ఆట ఆడియుందురు. ఒకడు దూరమున నీటిలో మునిగి రెండు రాళ్లను ఒకదానితో నొకటి తాకించును. మరియొకడు ఇవతల మునిగి ఆ చప్పుడును వినును. తల నీటిపైన ఉన్నంతసేపు ఏమియు వినబడదు. తల ముంచినంతనే, చెవి ప్రక్కన ఎవరో రాళ్లు కొట్టినట్లు వినబడును. నేనును చిన్ననాట ఈ ఆట ఆడినవాడనే. అయితే ఆ చప్పుడు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో నాకు ఒక్కనాడును తెలిసినది కాదు.

ఈ చిన్న విషయమునే పట్టుకొని, దీనితో ఓడలకు వార్తలు పంపవచ్చుననియు, మంచుకొండలనుండి వాటిని కాపాడవచ్చుననియు తలచి, చలిగాలులు వీచు సముద్రముమీదికి స్వయముగా పోయి కొలతలు తీసికొనివచ్చిన ఒక శాస్త్రజ్ఞుని చరిత్రమును నేడు మీకు చెప్పదలచితిని. ఆయన పేరు రెజినాల్డ్ ఆబ్రే ఫెసెండెన్. రేడియో చరిత్రము చదివినవారికి ఈ పేరు క్రొత్తది కాదు. కాని గాలిలో మాటను పంపిన ఫెసెండెన్‌ను ఎరిగినవారిలో చాలమంది, నీటిలో ధ్వనిని నడపిన ఫెసెండెన్‌ను ఎరుగరు. నా దృష్టిలో రెండవ కార్యము మొదటిదానికి ఏమాత్రమును తీసిపోదు.

ఫెసెండెన్ 1866వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన కెనడా దేశములో, నేడు క్విబెక్ రాష్ట్రమని పిలువబడు ప్రాంతమునందలి ఈస్ట్ బోల్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఆయన ఉద్యోగము ననుసరించి కుటుంబము ఊరూరు తిరిగి, కొంతకాలము నయాగరా జలపాతముచెంత నివసించెను. నలుగురు కుమారులలో రెజినాల్డు పెద్దవాడు. లెక్కలలో అతని తెలివిని చూచి, పదునాలుగేండ్ల ప్రాయముననే లెనాక్స్‌విల్ పట్టణములోని బిషప్స్ విద్యాసంస్థవారు చిన్న తరగతుల బాలురకు గణితము చెప్పు పనిని అతనికి ఒప్పగించిరి. ఒకవంక తాను చదువుచు, మరియొకవంక చదువు చెప్పుచు నాలుగేండ్లు గడపెను. చేయవలసిన చదువంతయు చేసియు, పట్టము పుచ్చుకొనకయే పదునెనిమిదవ యేట ఆ చోటు విడిచెను. తరువాతి జీవితములో ఈ పట్టము లేని లోటు ఆయనను అప్పుడప్పుడు బాధించెను.

అచ్చటనుండి ఆయన అట్లాంటిక్ మహాసముద్రమునందలి బెర్ముడా ద్వీపమునకు పోయి విట్నీ ఇన్‌స్టిట్యూట్ అను పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడాయెను. ప్రధానోపాధ్యాయుడనగానే ఏదో పెద్ద అధికారమని తలపకుడు. ఆ బడిలో ఉపాధ్యాయుడు ఆయన ఒక్కడే! గంట కొట్టుటనుండి పరీక్షలు దిద్దుటవరకు అన్నియు ఆ ఒక్కని పనులే. ఏకోపాధ్యాయ పాఠశాలలను ఎరిగిన మనకు ఆ కష్టము సులభముగా బోధపడును. ఆ ద్వీపముననే హెలెన్ ట్రాట్ అను యువతితో పరిచయము కలిగి, 1890లో ఆమెను వివాహమాడెను. ఆయన తుదిదినములు గడచినదియు ఈ ద్వీపముననే.

బడిపంతులుగా రెండేండ్లు గడచునప్పటికి ఫెసెండెన్ మనస్సు విద్యుచ్ఛాస్త్రముమీదికి మరలెను. 1886లో న్యూయార్కు నగరమునకు చేరి, అప్పటికే లోకప్రసిద్ధుడైన ఎడిసన్‌ను పని యిమ్మని కోరెను. తనకు విద్యుత్తునుగూర్చి ఏమియు తెలియదనియు, కాని శీఘ్రముగా నేర్చుకొనగలననియు ఆయన నిజము దాచక విన్నవించుకొనెను. ఎడిసన్ అంగీకరింపలేదు. యువకుడు పట్టు విడువక, నగరములో భూమిలోపల విద్యుత్తు తీగలు పరచుచోట సహాయకునిగా ప్రవేశించి, తన పనితనముచే పైకి వచ్చి, తుదకు ఎడిసన్ ప్రయోగశాలలోనే రసాయనశాస్త్ర పరిశోధకుడాయెను. 1890లో సంస్థకు ధనము చాలక అనేకులను తొలగించిరి. వారిలో ఫెసెండెన్ ఒకడు. పిమ్మట 1892లో పర్డ్యూ విశ్వవిద్యాలయమునను, మరుసటి సంవత్సరమున పిట్స్‌బర్గు నగరములోని విశ్వవిద్యాలయమునను విద్యుత్ యంత్రశాస్త్రమునకు ఆచార్యుడాయెను. పట్టము లేనివాడు విశ్వవిద్యాలయాచార్యుడగుట ఆ దినములలో సాధ్యమాయెను.

రేడియో విషయమున ఆయన చేసిన పనిని సంగ్రహముగా చెప్పి ముందునకు పోయెదను. 1900వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వపు వాతావరణశాఖలో చేరి, మేరీలాండు రాష్ట్రములోని కాబ్ ద్వీపమున ప్రయోగములు సాగించెను. ఆ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన, తీగ లేకుండ, మనుష్యుని కంఠస్వరమును ఒక మైలు దూరము పంపగలిగెను. ఆవలి స్తంభముకడ నున్న సహాయకుని, మీవైపు మంచు కురియుచున్నదా యని అడిగెనట. 1902లో పిట్స్‌బర్గు ధనికులిద్దరు పెట్టుబడి పెట్టగా ఒక సంస్థ వెలసెను. మసాచుసెట్స్ తీరమునందలి బ్రాంట్ రాక్ అను చోట 420 అడుగుల స్తంభము నెత్తి, స్కాట్లండులోని మాక్రిహానిష్ అను చోట మరియొక స్తంభము నిలిపి, 1906 జనవరిలో మహాసముద్రమున కిరువంకలనుండి పరస్పరము తంతివార్తలు నడపిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో తుపాను వీచి స్కాట్లండు స్తంభము కూలిపోయెను.

అదే నెల 24వ తేదీ రాత్రి, క్రిస్మస్ పండుగ సందర్భమున, ఫెసెండెన్ పాటలు, వాద్యము, మతగ్రంథపఠనము రేడియోలో ప్రసారము చేసెనని అనేక పుస్తకములలో కనబడును. ఈ విషయమునకు ఆధారము 1932లో ఆయన స్వయముగా వ్రాసిన యొక లేఖ. ఆనాటి ఓడలవారి దినచర్య పుస్తకములలో దీనికి సాక్ష్యము చిక్కలేదని పరిశోధకులు సందేహించుచున్నారు. కథ ఎంత మనోహరమైనను, సందేహము కలదని చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము గనుక చెప్పితిని.

ఫెసెండెన్ స్వభావము మెత్తనిది కాదు. తన ఆలోచన సరియైనదని తోచినచో ఎవరిమాటయు లక్ష్యపెట్టడు. పెట్టుబడిదారులతో వివాదము పెరిగి, 1911 జనవరిలో ఆయన తాను పుట్టించిన సంస్థనుండియే తొలగింపబడెను. వ్యవహారము న్యాయస్థానముల కెక్కెను. నలువది నాలుగేండ్ల వయస్సున, పేరున్నను పనిలేని స్థితి ఆయనకు ప్రాప్తించెను. నీటిధ్వని కథ ఇక్కడనే ఆరంభమగుచున్నది.

ముందుగా ఒక ప్రశ్న. తీగలేని తంతి కనిపెట్టిన తరువాత, నీటిలో వార్తలు పంపుటకు మరియొక ఉపాయమేల? సముద్రపు నీరు ఉప్పునీరు. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేయును. అందుచే రేడియో తరంగములు దానిలో ప్రవేశించిన కొలదిసేపటికే శక్తి నుడిగి నశించును. నీటిలో మునిగియున్న జలాంతర్గామికి ఆనాటి రేడియో ఎంత అరచినను వినబడదు. ధ్వని అట్లు కాదు. గాలిలో అది సెకనుకు దాదాపు 340 మీటర్లు పోవును. నీటిలో దానికి నాలుగు రెట్లకు పైగా వేగము కలదు. పైగా బహుదూరము బలము తగ్గక పోవును.

ఈ వేగమును ఫెసెండెన్‌కు పూర్వమే కొలిచినవారు కలరు. 1826లో స్విట్జర్లండు దేశీయుడైన కొలడాన్ అను యువకుడు, స్టర్మ్ అను మిత్రునితో కలిసి చేయుచున్న పరిశోధనలో భాగముగా, జెనీవా సరస్సులో ఈ పని చేసెను. ఒక పడవనుండి నీటిలోనికి గంటను వ్రేలాడదీసిరి. ఆ గంటను కొట్టినంతనే పడవమీద తుపాకిమందు భగ్గున మండునట్లు ఏర్పాటు కావించిరి. 13,487 మీటర్ల దూరమున, సరస్సు ఆవలివైపున, కొలడాన్ రాత్రివేళ మరియొక పడవలో కూర్చుండి, పొడవైన తగరపు గొట్టమును నీటిలో ముంచి చెవి నానించెను. మెరుపు కనబడినంతనే గడియారమును నడపి, గంట వినబడినంతనే ఆపెను. నడుమ గడచిన కాలము 9.4 సెకనులు. భాగహారము చేసినచో సెకనుకు 1,435 మీటర్లు. మీరును చేసి చూడుడు. రెండు పడవలు, ఒక గంట, ఒక గొట్టము, ఒక గడియారము: ఇంతకంటె పెద్ద సాధనములేవియు అతనికి లేవు.

తరువాతి కాలమున ఈ గంట సముద్రమునకు చేరెను. బోస్టన్ నగరమున 1901లో ఏర్పడిన సబ్‌మెరైన్ సిగ్నల్ కంపెనీ అను సంస్థవారు, ప్రమాదకరమైన చోట్ల నిలిపియుంచు దీపపు ఓడల క్రింద గంటలను వ్రేలాడగట్టిరి. దారిపోవు ఓడల అడుగుభాగమున, లోపలివైపున, కుడియెడమల నీటితొట్లను అమర్చి వాటిలో ధ్వనిగ్రాహకములను ఉంచిరి. నావికుడు రెంటిని మార్చి మార్చి విని, ఏవైపు గట్టిగా వినబడుచున్నదో చూచి గంట ఉన్న దిక్కును తెలిసికొనును. దట్టమైన పొగమంచులో దీపము కనబడదు. గాలిలో ఊదిన కొమ్ముధ్వని నమ్మదగినది కాదు. నీటిలోని గంట మాత్రము వినబడును. ఇది గొప్ప మేలే. కాని గంటకు ఒక్కటే మాట తెలియును. అక్షరములను కూర్చి వార్త చెప్పుటకు అది పనికిరాదు.

1912లో ఫెసెండెన్ ఈ సంస్థలో సలహాదారుగా చేరెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ రాత్రి టైటానిక్ అను మహానౌక న్యూఫౌండ్లండునకు దక్షిణమున మంచుకొండను తాకి, తెల్లవారకముందే మునిగిపోయెను. దాదాపు 1,500 మంది జలసమాధి నొందిరి. మంచుకొండను ముందుగా కనిపెట్టు ఉపాయమేదని లోకమంతయు ఆలోచనలో పడెను. ఇంగ్లండులో రిచర్డ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు ఆ మరుసటి నెలలోనే నీటిలో ప్రతిధ్వనిచే అడ్డంకులను తెలిసికొను పద్ధతికి హక్కుపత్రము కోరెను. జర్మనీలో బెహమ్ అను నతడు ఇట్టి పనిలోనే దిగెను. కనుక ఈ యూహ ఫెసెండెన్‌కు మాత్రమే కలిగినదని చెప్పరాదు. ఊహను పరికరముగా మార్చి, దానిని సముద్రమునకు తీసికొనిపోయి పరీక్షించుటలోనే ఆయన విశేషము కలదు.

సంస్థవారు ఆయనను కోరినది వినికిడి పరికరమును బాగుచేయుమని. ఆయనకు తోచినది వేరు. లోపము చెవిలో లేదు, నోటిలో ఉన్నది. గంటకు బదులు, కోరినప్పుడు పలికి కోరినప్పుడు ఆగు బలమైన ధ్వనియంత్రము కావలెను. అట్టిదానిని ఆయన నిర్మించెను. ఫెసెండెన్ ఆసిలేటర్ అని దానికి పేరు. దాని నిర్మాణమును మీకు తెలియునట్లు చెప్పెదను. ఒక బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువముల నడుమ రాగి గొట్టమొకటి ఉండును. లోపలి తీగచుట్టలో ఎదురెదురు దిశలకు మారుచుండు విద్యుత్తును ప్రవహింపజేసినపుడు, రాగి గొట్టములో ప్రేరణచే విద్యుత్తు పుట్టును. అయస్కాంతక్షేత్రములో విద్యుత్తు పారు వస్తువుపై బలము పనిచేయునని మీరు చదివియున్నారు. ఆ బలమువలన గొట్టము ముందునకు వెనుకకు కదలును. గొట్టమునకు బిగించిన దళసరి ఉక్కురేకు దానితోపాటు కదలి, ఎదుటి నీటిని కదలించును. సెకనుకు 540 సారులు ఈ కంపనము జరుగును.

540 అను సంఖ్యను గమనింపుడు. ఇది మనుష్యుని చెవికి హాయిగా వినబడు స్వరము. తంతిమీట నొక్కినంతసేపు ధ్వని పలుకును, విడిచినంతనే ఆగును. కనుక చుక్కలు గీతలుగా మోర్స్ లిపిలో ఎంత వార్తనైనను పంపవచ్చును. ఇంకొక మేలు కలదు. బయటి ధ్వని వచ్చి ఆ రేకునే తాకినచో, గొట్టము కదలి తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. అనగా పలికిన నోరే వినెడి చెవియు నగును. గంట ఉన్న దీపపు ఓడకు వినుట రాదు; వినునట్టి ప్రయాణపు ఓడకు పలుకుట రాదు. ఈ యంత్రముతో ఏ ఓడయైనను రెండును చేయగలదు. బోస్టన్ రేవు సమీపమున చేసిన పరీక్షలలో వార్తలు అనేక మైళ్ల దూరము చేరెను. కొలది దూరమువరకు మనుష్యుని మాటను సైతము నీటిద్వారా పంపి వినగలిగిరి. పదునాలుగేండ్ల క్రిందట గాలిలో మాటను పంపినవాడు ఇప్పుడు నీటిలోను పంపెను.

మంచుకొండ మాత్రము బోస్టన్ రేవునకు రాదుగదా! దానికడకు మనమే పోవలెను.

టైటానిక్ ప్రమాదము తరువాత, ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండలపై కాపలా తిరుగుటకు ఓడలు నియమింపబడెను. వాటిలో మయామి అనునది అమెరికా ప్రభుత్వపు ఓడ. దాని అధిపతి కెప్టెన్ క్వినన్. 1914 వసంతకాలమున ఫెసెండెన్, సంస్థకు చెందిన బ్లేక్ అను సహచరునితో, తన యంత్రముతో ఆ ఓడ నెక్కెను. న్యూఫౌండ్లండు తీరమునకు ఆవల గ్రాండ్ బ్యాంక్స్ అను మెరక ప్రాంతమున్నది. అచ్చట ఉత్తరమునుండి వచ్చు చల్లని ప్రవాహమును, దక్షిణమునుండి వచ్చు వెచ్చని ప్రవాహమును కలిసికొనుటచే పొగమంచు దట్టముగా కమ్మును. ఆ చల్లని ప్రవాహమే మంచుకొండలను మోసికొనివచ్చును. ప్రయోగశాలలో బల్లమీద చేయు పరీక్షకును దీనికిని ఎంతయో భేదము కలదు. అలలకు ఓడ ఊగును. చలికి వ్రేళ్లు కొంకరపోవును. సముద్రప్రయాణము పడనివారికి కడుపులో త్రిప్పును. ఫెసెండెన్‌కును సముద్రరోగము తప్పలేదు. అయినను పని ఆగలేదు.

ఏప్రిల్ నెల చివరి దినములలో వారికి కొన్ని మంచుకొండలు కనబడెను. వాటిలో పెద్దదానికడ ఓడను నిలిపిరి. దూరమాపకముతోను, సెక్స్టంటుతోను కొలిచి, ఆ కొండ పొడవు 450 అడుగులనియు, నీటిపైన ఎత్తు 130 అడుగులనియు లెక్కగట్టిరి. మొదట ఆవిరి ఈలతో చూచిరి. నిట్టనిలువుగా నున్న మంచుగోడకు 150 గజముల దాపునకు పోయి ఈల వేసినను ప్రతిధ్వని రాలేదు. పొగమంచులో ఈల వేసికొని ప్రతిధ్వనిని నమ్ముకొన్న ఓడ గతి ఏమగునో దీనినిబట్టి ఊహింపవచ్చును. పిమ్మట యంత్రమును నీటిలోనికి పది అడుగుల లోతునకు దింపి పలికించిరి. మంచుకొండనుండి ప్రతిధ్వని స్పష్టముగా తిరిగివచ్చెను.

అంతటితో తృప్తి పడియుండినచో అది వింతగానే నిలిచిపోయెడిది. వారు ఓడను వెనుకకు జరుపుచు, వేరువేరు దూరములలో, అర మైలునుండి రెండున్నర మైళ్లవరకు, మరల మరల పలికించి వినిరి. ప్రతిసారియు ధ్వని పోయి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును స్టాప్ వాచీతో కొలిచిరి. ఆ చోటనుండి కొండకు గల దూరమును దూరమాపకముతో వేరుగా కొలిచిరి. రెండు లెక్కలును సరిపడెను. చెవితో కొలిచినది కంటితో కొలిచినదానితో ఏకీభవించెను. ఇంకొక విశేషము: ప్రతిధ్వనిని వినుటకు యంత్రపు గ్రాహకము సైతము అక్కరలేకపోయెను. ఓడలో నీటిమట్టమునకు క్రిందుగా నున్న గదులలోని అధికారులు తమ చెవులతోనే దానిని వినిరి. ఓడ గోడయే వారికి వినికిడి పొరయయ్యెను.

ఈ కొలతలను కొంచెము పరిశీలింతము. అర మైలు దూరమున్నపుడు ధ్వని పోయి వచ్చుటకు ఒక సెకనుకు కొంచెము పైగా పట్టును. రెండున్నర మైళ్లకు దాదాపు ఆరు సెకనులు. మీటపై వ్రేలు, గడియారముపై వ్రేలు ఉంచి కొలువదగిన కాలములే. కెప్టెన్ తన నివేదికలో నీటిలో ధ్వనివేగము సెకనుకు 4,400 అడుగులని చెప్పుదురని వ్రాసికొనెను. అంతటి చల్లని ఉప్పునీటిలో నిజమైన వేగము 4,700 అడుగులకు పైన ఉండునని ఇప్పుడు మనకు తెలియును. నూటికి ఏడు వంతుల తేడా. రెండున్నర మైళ్ల దూరమున ఇది మైలులో ఐదవవంతునకు లోబడిన తేడా. మంచుకొండ ముందున్నదని తెలిసికొని ఓడను త్రిప్పుకొనవలసిన నావికునికి ఆ తేడా ఒక లెక్కలోనిది కాదు.

లోతు కొలుచు పనిలో మాత్రము ఇంత వెసులుబాటు లేదు. ఏప్రిల్ 27వ తేదీ ఉదయము, ప్రవాహమును పరిశీలించుటకై ఓడను 31 బారల లోతున లంగరు వేసి నిలిపిరి. బార యనగా మన వేటగాండ్రు చేతులు చాచి త్రాడు కొలుచు కొలతయే. నావికుల లెక్కలో ఆరడుగులు. సముద్రము నిమ్మళముగా ఉండుట చూచి ఫెసెండెన్ తన యంత్రమును మరల పలికించి, అడుగునుండి వచ్చు ప్రతిధ్వనిచే లోతును లెక్కించెను. 36 బారలు వచ్చెను. ఐదు బారల పొరపాటు! కెప్టెన్ మాత్రము ఇది వాస్తవమునకు మిక్కిలి సమీపముగానే ఉన్నదని నమోదు చేసెను. నేను ఆయన పక్షమే వహింతును. ఎందుకనగా, 31 బారల లోతునకు ధ్వని పోయి తిరిగివచ్చు కాలము మొత్తము సెకనులో పదమూడవ భాగము. ఐదు బారల తేడా యనగా సెకనులో ఎనుబదవ భాగము. రెప్పపాటుకంటె ఎంతయో తక్కువ కాలమది. కదలుచున్న ఓడపైన, ఆనాటి సాధనములతో, అంతటి సూక్ష్మకాలమును అంతమాత్రము పట్టగలుగుటయే ఆశ్చర్యకరము. సరియైన కాలమాపకము దొరకినచో సరియైన లోతును దొరకునని ఆ ఐదు బారల తప్పే తెలిపెను. తప్పు వచ్చిన లెక్కను దాచక వ్రాసియుంచుటచేతనే ఇన్నేండ్లకు మనము దానిని విడదీసి చూడగలుగుచున్నాము.

కొన్ని నెలలకే ప్రథమ ప్రపంచయుద్ధము వచ్చెను. బ్రిటిషు సామ్రాజ్య ప్రజయైన ఫెసెండెన్ తన సేవలను ఇంగ్లండునకు సమర్పించెను. బ్రిటిషు జలాంతర్గాములకు ఆయన యంత్రములను అమర్చిరి. నీటిలో మునిగియున్నపుడు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు వాటికి అదివరకు సరియైన సాధనము లేదు. శత్రువుల జలాంతర్గాములను ప్రతిధ్వనిచే వెదకుటకు మాత్రము ఈ యంత్రము అంతగా అక్కరకు రాలేదు. 540 కంపనముల ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యము రెండున్నర మీటర్లకు పైన ఉండును. అట్టి ధ్వని దీపపు కిరణమువలె ఒకదిక్కునకే పోక, నలుదిక్కుల వ్యాపించును. మంచుకొండవంటి మహాకాయమునకు అది చాలును. చిన్న జలాంతర్గామికి చాలదు. ఆ కొరతను ఫ్రాన్సు దేశీయుడైన లాంజెవాన్ తీర్చెను. ఆయన 1917లో స్ఫటికమును ఉపయోగించి, చెవికి వినబడనంత హెచ్చు కంపనముల ధ్వనిని పుట్టించెను. ప్రాణరక్షణకై పుట్టిన విద్య యుద్ధసాధనమగుట చూచి మనస్సు కొంత నొచ్చుకొనును. అయితే ఫెసెండెన్ దానికి చింతించినట్లు కనబడదు. దేశము ఆపదలో ఉన్నదని ఉత్సాహముతోనే పనిచేసెను.

యుద్ధానంతరము లోతు కొలుచు పరికరమును బోస్టన్ సంస్థవారు బాగుచేసి ఫాతోమీటరు అను పేర ఓడలకు అమ్మజొచ్చిరి. దీని ప్రయోజనమును ఒక్క పోలికతో చెప్పెదను. 1872 మొదలు 1876 వరకు లోకమంతయు చుట్టివచ్చిన చాలెంజర్ అను బ్రిటిషు పరిశోధననౌక, త్రాటికి బరువు కట్టి దింపు పాతపద్ధతిలో, నాలుగేండ్లలో 492 చోట్ల మాత్రమే మహాసముద్రపు లోతును కొలువగలిగెను. లోతైన చోట ఒక్కసారి దింపి లాగుటకు గంటల కాలము పట్టెడిది. 1925 మొదలు 1927 వరకు దక్షిణ అట్లాంటిక్‌లో తిరిగిన మెటియోర్ అను జర్మను నౌక, ప్రతిధ్వని పద్ధతిలో, 67,000 కొలతలకు పైగా తీసికొనెను. మెటియోర్ వాడినవి ఫెసెండెన్ యంత్రములు కావు. పద్ధతి మాత్రము అదియే. చదునైన పళ్లెమువంటిదని తలచిన సముద్రపుటడుగున పర్వతపంక్తులును లోయలును ఉన్నవని ఇట్టి కొలతలే వెల్లడించెను.

ఫెసెండెన్ 1921 ప్రాంతమున ఆ సంస్థతో సంబంధము వదలుకొనెను. ఆ సంవత్సరమే రేడియో ఇంజనీర్ల సంఘమువారు ఆయనకు గౌరవపతకమొసగిరి. రేడియో హక్కులనుగూర్చి సాగిన వ్యాజ్యములు మాత్రము ఆయన జీవితమును చాలవరకు మ్రింగివేసెను. 1928లో తుదకు రాజీ కుదిరి ఐదులక్షల డాలర్లు చేతికి వచ్చెను. అందులో పెద్దభాగము న్యాయవాదులకే పోయెను. 1929లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికవారు, సముద్రముపై ప్రాణరక్షణకు తోడ్పడిన ఫాతోమీటరునకుగాను ఆయనకు స్వర్ణపతకము నిచ్చిరి.

అప్పటికి ఆయన ఆరోగ్యము చెడియుండెను. భార్య పుట్టినచోటును, తాను ఒంటరిగా బడి నడపినచోటును అయిన బెర్ముడా ద్వీపమునకు మరలి, సముద్రపు పాయచెంత నొక ఇల్లు కొని, అచ్చటనే 1932 జూలై 22వ తేదీన కన్నుమూసెను. సెయింట్ మార్క్స్ క్రైస్తవాలయపు ఆవరణమున ఆయనను సమాధి చేసిరి. హెలెన్ తన భర్త జీవితచరిత్రమును వ్రాసి 1940లో ప్రకటించెను.